ఎడమ చెంప పన్ను

నీలవేణి గొంతు తెలియనివాళ్లు సాలూరులో లేరు. మొహం తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. బస్టాండులో మైకు ముందు కూర్చుని, పార్వతీపురం బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని ఆమె చెబుతుంటే, పక్క వీధిలోని లారీ షెడ్లలో పనివాళ్లు గడియారం చూడకుండానే టీకి లేచేవారు. ఎనిమిదేళ్లు ఆ ఉద్యోగం చేసింది. ముప్పై రెండో ఏట ఆమె ఎడమ చెంపలోకి ఒక నొప్పి వచ్చి కూర్చుంది.

మొదట పిప్పిపన్ను అనుకున్నారు. ఒక పన్ను పీకించారు. తగ్గకపోతే పక్కది కూడా పీకించారు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, ఇది పళ్లకు సంబంధించింది కాదని, మొహంలోని నరానికి వచ్చిన జబ్బని తేల్చాడు. మాట్లాడినా, నమిలినా, ఫ్యాను గాలి తగిలినా చెంపలో కరెంటు షాకు కొట్టినట్టు అయ్యేది. మందులు కొన్నాళ్లు పనిచేసి మానేశాయి. ఆపరేషను చేస్తే ఆ వైపు చెవి పోవచ్చన్నారు, నొప్పి పోతుందని మాత్రం ఖాయంగా చెప్పలేదు. ఆమె మాట్లాడడం మానేసి పలక మీద రాయడం మొదలుపెట్టింది. ఆరేళ్ల కూతురు మేఘన, అమ్మ దగ్గరికి వచ్చేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని రావడం నేర్చుకుంది.

ఇంటికి పెద్ద ఆమె మామగారు లోకనాథం. వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఇరవై ఆరేళ్లు ఒడిశా సరిహద్దు చెక్‌పోస్టులోనే గడిచాయి. భార్య పోయాక అతని కబుర్లు వినే మనిషి కోడలే. సాయంత్రం ఆమె బస్టాండు నుంచి రాగానే, ఏ పన్ను ఎవరి మీద వేస్తారు, చివరికి ఎవరి నెత్తిన పడుతుంది అని అతను మొదలుపెడితే, ఆమె కూరగాయలు తరుగుతూ ఎదురు ప్రశ్నలు వేసేది. ఇప్పుడు అతను రాగిజావ కాచి, పలచని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చన అయ్యాక గ్లాసు తెచ్చి ఆమె పక్కన పెట్టేవాడు. కొడుకు ఢిల్లీశ్వరరావు లారీలకు చెక్కబాడీలు కట్టే షెడ్డు నడిపేవాడు. పగలంతా సుత్తి దెబ్బల మధ్య ఉండి వచ్చిన ఆ మనిషి, ఇంట్లో గిన్నె కింద పెట్టడానికి కూడా రెండు చేతులూ వాడేవాడు.

ఆ వేసవిలో డాక్టర్ కాదంబరి వేగావతి ఒడ్డున మూతబడిన ఎక్స్‌రే సెంటరును అద్దెకు తీసుకుని ప్రయోగశాల పెట్టింది. నరాల మీద పదిహేనేళ్లు పరిశోధన చేసిన మనిషి. తాను కనిపెట్టిన దాని గురించి ఎవరడిగినా ఒకటే మాట చెప్పేది. నొప్పిని చంపడం తనకు చేతకాలేదు, పంచడం చేతనైంది.

నొప్పితో ఉన్న నరం మెదడుకు పంపే కేకకు ఒక వరస ఉంటుందట. రోగి మెడకు కట్టిన పటకా ఆ వరసను పట్టుకుంటుంది. చెవి వెనుక చిన్న పట్టీ అంటించుకున్న వేరే మనిషి ఏ ఊళ్లో ఉన్నా సరే, ఆ పట్టీ అతని నరంలో అదే వరసను మోగిస్తుంది. అది మోగినంతకాలం అతని చెంప కూడా, ఏది తగిలినా, రోగి చెంపలాగే చురుక్కుమంటుంది. అక్కడ ఎంత మోగితే ఇక్కడ అంత ఆగుతుంది. మొత్తం ఎక్కడా తరగదు. మనిషి నుంచి మనిషికి మారుతుందంతే.

మొదటి పట్టీ లోకనాథమే అంటించుకున్నాడు. నీలవేణి నొప్పి మొత్తాన్ని వంద పాళ్లు అనుకుంటే, అందులో ఇరవై అతని వైపు పంపమన్నాడు. కాదంబరి వద్దంది, అలవాటు లేని మనిషి పన్నెండు దాటితే స్పృహ తప్పొచ్చంది. అతను వినలేదు. ఆమె మీట తిప్పగానే అతను కుర్చీ చేతులు పట్టుకుని, ఎడమ కన్ను మూసుకుపోగా, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ ఆమె పక్కన గ్లాసు పెట్టి వెళ్తున్నప్పుడు ఆమె లోపల ఉన్నదేమిటో అతనికి అప్పుడు తెలిసింది. కన్నీళ్లు వచ్చాయి. నొప్పికి వచ్చాయో, తెలిసినందుకు వచ్చాయో అతను ఎప్పుడూ చెప్పలేదు.

నీలవేణి నాలుగు నెలల తరువాత నోరు విప్పింది. "తగ్గించండి డాక్టరుగారూ. మా మావయ్య తట్టుకోలేరు" అంది.

తగ్గించి పదికి తెచ్చారు. ఢిల్లీశ్వరరావు పది తీసుకున్నాడు. కాదంబరి తాను ఎనిమిది తీసుకుంది. మిగతాది పంచుకోవడానికి మనుషులు కావాలి.

వీధిలోవాళ్లు వచ్చారు. షెడ్డులో పనివాళ్లు, బస్టాండులో నీలవేణితో పనిచేసినవాళ్లు, లారీ డ్రైవరు పోలినాయుడు, బొరుగులు అమ్ముకునే డెబ్బై ఏళ్ల కొండమ్మ. ఇరవై మందికి కాదంబరి తలా మూడు పాళ్లు ఇచ్చింది. అందరికీ సమానం కాబట్టి గొడవ లేదని ఆమె అనుకుంది. నీలవేణికి పన్నెండు పాళ్లే మిగిలాయి. ఆమె మెత్తటి అన్నం తిని, మెల్లగా మాట్లాడి, నెలాఖరుకు వీధిలో నడవసాగింది.

అలా నడుస్తూ ఒకరోజు కొండమ్మ ఇంటికి వెళ్లింది. ముసలమ్మ మంచం మీద గోడకు తిరిగి పడుకుని ఉంది. పొయ్యి మీద గంజి తప్ప ఏమీ లేదు. పదకొండు రోజులుగా ఆమె ఏదీ నమల్లేదు. బొరుగుల బుట్ట గడప దాటలేదు. ఎందుకు చెప్పలేదని నీలవేణి అడిగితే ఆమె సిగ్గుపడింది.

"అందరూ మోస్తన్నారు కదమ్మా. నానొక్కదాన్నీ మొయ్యలేనని ఎలా సెప్పీది?"

నీలవేణి ఆమెను రిక్షాలో ప్రయోగశాలకు తీసుకొచ్చింది. పట్టీ తీయించింది. అక్కడే కూర్చుని ఉన్న మామగారిని చూసి, ఇన్నేళ్లుగా నాకు చెప్పిన పాఠాలన్నీ ఏమయ్యాయి మావయ్యా అని అడిగింది.

లోకనాథానికి తల కొట్టేసినట్టయింది. కాదంబరికి అతను ఆ మధ్యాహ్నమంతా పన్నుల సంగతి చెప్పాడు. తలకింత అని అందరి దగ్గరా ఒకేలా వసూలు చేసేది తలపన్ను. పైకి సమానంగానే కనిపిస్తుంది, కానీ ఉన్నవాడికి దోమకాటు, లేనివాడికి పాముకాటు. ఆదాయంలో అందరూ ఒకే వంతు ఇస్తే అది అనుపాత పన్ను. కాస్త నయం, కానీ చాలదు. శక్తి పెరిగేకొద్దీ వంతు కూడా పెరుగుతూ పోవాలి, అది పురోగామి పన్ను. దానికి శ్లాబులుంటాయి, అడుగున మినహాయింపు ఉంటుంది. మీరు కొండమ్మ మీద తలపన్ను వేశారు డాక్టరుగారూ, నేను పక్కనే కూర్చుని ఊరుకున్నాను అన్నాడు.

ఆ మర్నాటి నుంచి కాదంబరి ఒక్కొక్కరికీ చిన్న పరీక్ష పెట్టి, ఎవరి శరీరం ఎంత ఓర్చుకోగలదో కొలిచింది. లోకనాథం శ్లాబులు కట్టాడు. పోలినాయుడుకి ఏడు పాళ్లు వచ్చాయి, అయితే ఘాటురోడ్డు మీద స్టీరింగు పట్టుకున్నంతసేపూ సున్నా. పరీక్షలు రాసే పిల్లలకు, బాలింతలకు, జ్వరం వచ్చినవాళ్లకు మినహాయింపు. కొండమ్మకు పూర్తి మినహాయింపు. ఏడు పాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే పోలినాయుడు, సీమ కుట్టినట్టుంటాదండీ, మా యావిడ తిట్లకంటే నయమే అన్నాడట.

ఆ ఏడాది వానలు వెళ్లేవరకు బాగానే నడిచింది. తరువాత మనుషులు తగ్గారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఒకరి కూతురికి పెళ్లి కుదిరింది, ఒకరికి బదిలీ అయింది, ఒకరికి పక్షవాతం వచ్చింది. ఒకతను ప్రయోగశాల గుమ్మంలో నిలబడి, నాకు కూడా చెంప ఉందని నా పిల్లలు మరిచిపోతున్నారండీ అని చెప్పి, పట్టీ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. దసరా వెళ్లేసరికి తొమ్మిదిమంది మిగిలారు. నీలవేణి వాటా మళ్లీ నలభై దాటింది. పలక మళ్లీ బయటికి వచ్చింది. మేఘన చేతులు మళ్లీ వెనక్కి వెళ్లాయి.

అప్పుడు లోకనాథానికి ఆలోచన వచ్చింది. తరువాత అతనే ఒప్పుకున్నాడు, అది తన ఆలోచనేనని.

పన్నుల్లో అన్నిటికంటే పెద్ద తేడా ప్రత్యక్షమా పరోక్షమా అన్నదే. ప్రత్యక్ష పన్ను ఎవరి మీద వేస్తే వాళ్లే మోస్తారు, అందుకే ఇచ్చేవాడికి తెలుస్తుంది, బాధేస్తుంది, ఒకరోజు ఇక ఇవ్వనంటాడు. పరోక్ష పన్ను వస్తువులో కలిసి ఉంటుంది. సబ్బుబిళ్లలో, అగ్గిపెట్టెలో, టీపొడిలో. కొన్నవాడికి తాను పన్ను కట్టానన్న సంగతే తెలియదు. ఊళ్లో యాభై వేలమంది ఉన్నారు. ఒక్కొక్కరికి నలుసంత వెళ్తే ఎవరికీ ఏమీ అనిపించదు. తొమ్మిదిమందిని పీడించే బదులు ఊరంతటి మీద చల్లెయ్యొచ్చు కదా అని అతను కాదంబరిని అడిగాడు.

ఆమె కుదరదంది. అడగకుండా మనిషి నరం మీద చెయ్యి వేయడం తప్పంది. మూడు రోజుల తరువాత నీలవేణి, మంచినీళ్లు తాగబోయి గ్లాసు వదిలేసి, ఆమె కళ్ల ముందే నేల మీద ముడుచుకుపోయింది. ఆ వారంలోనే కాదంబరి ఆరు పెట్టెలు తయారుచేసింది. అగ్గిపెట్టెల కట్టంత ఉంటాయి. పట్టీ అక్కర్లేదు, నాలుగు బారల దూరంలో ఉన్నవాళ్ల నరాల్లో ఆ వరస అతి సన్నగా మోగుతుంది. లోకనాథం వాటిని తానే తీసుకెళ్లి, బస్టాండు హాల్లో, రేషను డిపో చూరు కింద, సినిమాహాలు టికెట్ల కిటికీ పక్కన, రెండు లారీ ఆఫీసుల్లో, పాలబూత్ అరుగు కింద పెట్టాడు. నీలవేణికి కొత్తవాళ్లు చాలామంది ఒప్పుకున్నారని చెప్పాడు.

మొదటి రోజు మధ్యాహ్నానికి ఆమె నొప్పి సున్నాకు వచ్చింది.

ఆ తొమ్మిది రోజులు ఆ ఇంట్లో పండగలా ఉంది. నీలవేణి జొన్నరొట్టె నమిలి తింది. ఢిల్లీశ్వరరావు షెడ్డు నుంచి మధ్యాహ్నం కూడా ఇంటికొచ్చి, ఏ పనీ లేకుండా వంటింటి గుమ్మంలో నిలబడి భార్య మాటలు వినేవాడు. మేఘన మొదట ఒక వేలితో అమ్మ ఎడమ చెంప ముట్టుకుని, వెనక్కి లాక్కుని, ఏమీ కాకపోవడం చూసి అరచేయి మొత్తం ఆనించింది. తరువాత తన చెంప ఆనించింది. ఆ పూట ఆ పిల్లను అక్కడి నుంచి కదపడం ఎవరి తరమూ కాలేదు. ఐదో రోజు నీలవేణి మళ్లీ ఉద్యోగంలో చేరింది. బస్టాండు మైకులో ఆమె గొంతు వినపడగానే షెడ్లలో సుత్తులు ఆగాయి. లోకనాథం రోడ్డు మీద నిలబడి విన్నాడు. ఇందులో తప్పేముంది అనుకున్నాడు.

పదో రోజు పొద్దున అతను పాలపాకెట్ల కోసం బూత్‌కు వెళ్లాడు. బూత్ నడిపే సుందరికి ఐదు నెలల కొడుకున్నాడు. తెల్లవారుజామున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆమె అక్కడే ఉంటుంది. పిల్లాడి ఉయ్యాల కూడా అరుగు మీదే, చీరతో కట్టి ఉంటుంది. ఆరోజు పిల్లాడు ఏడుస్తున్నాడు. గట్టిగా ఏడ్చే ఓపిక అయిపోయి, సన్నగా మూలుగుతున్నాడు. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఏమైందని లోకనాథం అడిగాడు.

"ఏటో బాబూ, పదిరోజులై పాలు పట్టట్లేదు. ఎడం బుగ్గ నా సేతికి తగిల్తే సాలు, నోరొదిలేసి గుక్కపట్టేస్తన్నాడు. నాకూ సిన్నగా సలుపుతాది గానీ నానోర్సుకుంతన్నాను. దిష్టి తీసినాను, ఆస్పత్రికెళ్లినాను. ఏటీ లేదంటారు."

ఆమె చూపించింది. పిల్లాణ్ని ఒడిలో తిప్పి ఎడమ చెంప మోచేతి మీద ఆనేలా పడుకోబెట్టగానే, వాడు తల వెనక్కి విదిలించి, ఎడమ కన్ను మూసుకుని, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కాసేపటి వరకు ఏడుపు రాలేదు.

లోకనాథం అరుగు ముందు మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి కిందికి పోనిచ్చి పెట్టె బయటికి లాగాడు. దాని తీగ తెంపేశాడు. దారిన పోయేవాడికి అది నలుసు. పాలు కొని అర నిమిషంలో వెళ్లిపోయేవాడికి అసలు ఏమీ కాదు. కదలడానికి వీల్లేనివాళ్ల మీద మాత్రం అది గంట మీద గంట, రోజు మీద రోజు పేరుకుంటుంది. పరోక్ష పన్ను చివరికి తిరోగామి అవుతుందని, ఎవరు దాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేరో వాళ్ల దగ్గరే ఆగిపోతుందని అతను డిపార్టుమెంటు పరీక్షలో రాశాడు. పది మార్కుల ప్రశ్న. పదికి తొమ్మిది వచ్చాయి.

అతను సుందరికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పాక పిల్లాణ్ని గట్టిగా పొదువుకుని అతని వైపు చూసింది.

"నన్నడిగుంటే ఇద్దునేమో బాబూ. వేణమ్మంటే నాకు మాత్తరం ఇష్టం లేదేటి? అడక్కుండా నా గుంటడి నోటికాడిది తీసుకున్నావు."

ఆమె షట్టరు కిందికి లాగేసింది.

ఇంటికొచ్చేసరికి నీలవేణి డ్యూటీకి తయారవుతూ, నిలబడే చేగోడీలు తింటోంది. కరకరమని చప్పుడవుతోంది. అతను గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. ఆమె నమలడం ఆపింది.

"ఎంతమంది మావయ్యా?"

"తెలీదమ్మా."

"పేర్లు?"

"పేర్లుండవు. అందుకే కదా అది సులువు."

ఆమె నోట్లో ఉన్నది చేతిలోకి ఊసి, కాసేపు అలాగే పట్టుకుని ఉంది. కోప్పడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె గొంతు పెంచలేదు. "తొమ్మిది రోజులూ నేను తిన్నదంతా ఆ పిల్లాడి ఆకలే మావయ్యా" అంది. చేయి కడుక్కుని, చెప్పులు వేసుకుని, డాక్టరుగారికి ఫోను చేసి గంట ఆగి మిగతా ఐదూ తీసెయ్యమనండి, ఆ గంట నాకు కావాలి అని చెప్పి బస్టాండుకు వెళ్లింది.

ఆరోజు పొద్దున తొమ్మిదింటికి బస్టాండులో ఉన్నవాళ్లు విన్నది ఇది. విజయనగరం ఎక్స్‌ప్రెస్ మూడో నంబరు మీదికి వస్తుందని చెప్పాక, ఆమె మైకు ఆపలేదు.

"ప్రయాణికులకు మనవి. నా పేరు నీలవేణి. పది రోజులుగా ఈ హాల్లో కూర్చున్నప్పుడు మీ ఎడమ చెంపలో చిన్నగా చురుక్కుమని ఉంటే, ఆ నొప్పి మీది కాదు, నాది. మిమ్మల్ని అడగకుండా మీకు పంపారు. నాకు తెలియదు, కానీ హాయిగా ఉన్నది నేనే. ఇంకో గంటలో అది ఆగిపోతుంది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి మాత్రం ఈ గంట కూడా మీ దగ్గరే తీసుకుంటున్నాను. క్షమించండి. మీలో తెలిసి, పేరు చెప్పి, కాస్త మొయ్యగలమనుకున్నవాళ్లు ఉంటే వేగావతి ఒడ్డున డాక్టర్ కాదంబరిగారి దగ్గరికి రండి. వద్దనుకున్నవాళ్లు రావద్దు. వాళ్ల మీద నాకేమీ ఉండదు."

తరువాత కొరాపుట్ బస్సు టైము చెప్పి మైకు కట్టేసింది.

ఊళ్లో పెద్ద గొడవ జరిగింది. ప్రయోగశాల అద్దాలు పగిలాయి. ఒకాయన లోకనాథాన్ని నడివీధిలో చొక్కా పట్టుకుని నిలదీశాడు, అతను విడిపించుకోలేదు. నీలవేణిని మైకు దగ్గరికి ఇక రావద్దన్నారు. కాదంబరి జరిగిందంతా తానే రాసి, తనకు అనుమతిచ్చిన పరిశోధన సంస్థవాళ్లకు పంపింది. కొత్త ప్రయోగాలేవీ చేయకూడదని, తెలిసి, ఇష్టపడి పట్టీ పెట్టుకునేవాళ్ల వరకు కొనసాగించవచ్చని వాళ్లు ఉత్తర్వు ఇచ్చారు. ఆమె దాన్ని గోడకు అంటించుకుంది. సుందరి కొడుకు నాలుగు రోజుల్లో పాలు పట్టాడు, నెలలో తేరుకున్నాడు. ఇప్పటికీ ఆమె లోకనాథానికి పాలపాకెట్టు ఇవ్వదు. మేఘన వెళ్తే ఇస్తుంది, ఒక్కోసారి పిల్లాణ్ని కూడా కాసేపు ఎత్తుకోనిస్తుంది.

నీలవేణి ఆ గంట తరువాత పటకా విప్పేసింది. ఉన్న తొమ్మిదిమంది వాటాలు కూడా వద్దంది. మూడు రోజులు వంద పాళ్లూ తానే మోసింది. ఎవరూ దగ్గరికి వెళ్లలేకపోయారు. నాలుగో రోజు కొండమ్మ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని, నాకు ఒక్క పాలైనా ఇవ్వకపోతే ఇక్కడి నుంచి లేవను అంది. మినహాయింపులో ఉన్నావు, కుదరదు అని లోకనాథం చెబితే, నీ మినాయింపు నానడిగినానేటి అని కసిరింది.

ఆ నెలలో పాతవాళ్లతో కలిపి మొత్తం నలభై మూడుమంది వచ్చారు. కొందరు ఆరోజు బస్టాండులో ఉన్నవాళ్లు, కొందరు విన్నవాళ్ల బంధువులు. చొక్కా పట్టుకున్నాయన కూడా వచ్చి, లోకనాథం వైపు చూడకుండా పట్టీ అంటించుకుని పోయాడు. ప్రతి ఒక్కరి పేరూ నీలవేణికి చెప్పాలని, ఎవరు ఎప్పుడు మానేస్తానన్నా ఎందుకని అడగకూడదని ఆమె షరతులు పెట్టింది. తనకు కూడా పది పాళ్లు ఉండాలంది. సున్నా అయితే తనకు మళ్లీ ఏమీ తెలియకుండా పోతుందంది. కొండమ్మకు ఒక పాలు ఇచ్చారు.

ఏడాదిపైగా అలా నడిచింది. నీలవేణి ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టింది. నలభై మూడుమందికీ ఒక అలవాటు అయింది. పొద్దున్నే మొహానికి చన్నీళ్లు తగలగానే ఎడమ చెంపలో చురుక్కుమంటుంది. వేణమ్మ లేచిందన్నమాట అనుకుని ఎవరి పనిలో వాళ్లు పడిపోయేవారు.

మాఘమాసంలో ఒక ఆదివారం. ఢిల్లీశ్వరరావు కూతుర్ని తీసుకుని పార్వతీపురంలో చెల్లెలింటికి వెళ్లాడు. లోకనాథం ఏడింటికి ఏటి ఒడ్డున నడకకు వెళ్లి, టీకొట్టు దగ్గర ఆగాడు. వేడి టీ ఎడమ వైపు దవడకు తగిలింది. ఏమీ లేదు. మరో గుక్క తాగాడు. చల్లని గాలికి మొహం తిప్పి నిలబడ్డాడు. ఏమీ లేదు. పట్టీ ఊడిందేమోనని చెవి వెనుక తడిమి చూసుకున్నాడు, ఉంది.

పటకా పాడైతే నొప్పంతా ఆమెకే వెళ్లిపోయి ఉంటుంది. లేదా నొప్పిపడే మనిషే లేకుండా పోయి ఉండాలి. మూడో ఆలోచన అతనికి రాలేదు. ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. గ్లాసు బల్ల మీద వదిలేసి, అరవై ఐదేళ్ల మనిషి పంచె ఎగగట్టి పరుగు మొదలుపెట్టాడు.

మలుపులో కొండమ్మ కనిపించింది, తలమీద బుట్ట లేదు, చేతికర్ర లేదు. "నాకు రానేదు బాబూ ఇయాల" అంది. ఆమెకు వచ్చేది ఒక్క పాలే. అదైనా రాలేదని గమనించి బయల్దేరింది. వెనకనుంచి ఎవరో స్కూటరు మీద దాటిపోయారు. సుంకి ఘాటులో లారీ పక్కకు ఆపి, స్టీరింగు వదిలినా చెంప చురుక్కుమనకపోయేసరికి పోలినాయుడు ఫోను చేశాడు, ఏటయిందండీ అని. తెలీదురా, వెళ్తన్నాను అని లోకనాథం ఒగరుస్తూ చెప్పి, కట్ చేయడం మరిచిపోయి, ఫోను చేతిలోనే పట్టుకుని పరిగెత్తాడు.

ఇంటి ముందు అప్పటికే పదిహేనుమంది ఉన్నారు. షెడ్డు పనివాళ్లు, బస్టాండువాళ్లు, తలకు నూనె రాసుకుని అలాగే వచ్చేసిన ఒకామె. కాదంబరి చెప్పులు లేకుండా మెట్ల మీద ఉంది. తలుపు లోపల గడియ వేసి ఉంది. ఒకరు కొడుతున్నారు, ఒకరు కొట్టొద్దంటున్నారు. అందరూ తమకు తెలియకుండానే ఎడమ చెంప మీద చేయి వేసుకుని ఉన్నారు. వేణమ్మా అని కొండమ్మ పిలిచింది.

లోపల గడియ చప్పుడైంది.

నీలవేణి తలుపు తీసింది. జుట్టు రేగి ఉంది, కళ్లు ఇంకా సగం మూసుకునే ఉన్నాయి. రోజూ ఐదింటికే నొప్పి ఆమెను లేపేది. ఈరోజు ఏదీ లేపలేదు. ఈ జబ్బు ఒక్కోసారి తనంతట తానే వెళ్లిపోతుందని, మళ్లీ వస్తే రావచ్చు, రాకపోతే రాకపోవచ్చని కాదంబరి తరువాత వివరించింది.

ఇంతమంది ఎందుకొచ్చారో నీలవేణికి అర్థం కాలేదు. ఒక్కొక్కరినీ చూస్తోంది. వాళ్లంతా ఆమె మొహం వైపే చూస్తున్నారు. ఎడమ చెంప మీద, కణత నుంచి గడ్డం దాకా, దిండు గలీబు మడతలు లోతుగా, ఎర్రగా పడి ఉన్నాయి.

లోకనాథం చేతిలోని ఫోనులోంచి పోలినాయుడు గొంతు వినిపిస్తూనే ఉంది, ఏటయిందో సెప్పండి బాబూ, ఎవులైనా సెప్పండి అని. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏటీ కాలేదురా. నిద్రపోయింది. హాయిగా నిద్రపోయి, ఇప్పుడే లేచింది."